మందు కొట్టే డ్రోన్ చప్పుడుకి బోదెలో దూకాను

“అక్కా, చదివాక చించేయండి” అని మొదలైంది ఉత్తరం. చించలేదు. పేరూ ఊరూ రాకుండా వేస్తానని చెప్పి, రాసిన కుర్రాడి ఒప్పుదలతోనే ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

అతనికి 23 ఏళ్లు. ఇంటర్ అయ్యాక రెండేళ్లు నాన్నతో సేద్యం చేశాడు. సొంతం మూడెకరాలు, కౌలుకి నాలుగు. బోరు ఎండిపోయి అప్పు మిగిలిన ఏడాది అగ్నివీర్ ర్యాలీకి వెళ్లాడు. 2023 జనవరిలో ట్రైనింగ్. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాటికి పూంఛ్ వైపు నియంత్రణ రేఖ దగ్గర పోస్టులో ఉన్నాడు. 7వ తేదీ నుంచి 10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆగేదాకా అటునుంచి షెల్స్, రాత్రిళ్లు డ్రోన్లు.

రెండో రాత్రి సెంట్రీ డ్యూటీ ఇతనిది. ఒళ్లు కాలిపోతోందని చూసి బ్యాచ్‌మేట్ ఒకడు “నువ్వు పడుకో, నేను నిలబడతా” అన్నాడు. వేరే రాష్ట్రం కుర్రాడు, వాళ్లదీ సేద్యమే. ఇద్దరూ కూర్చుంటే వానల గురించే మాట్లాడుకునేవాళ్లట. గంట తిరక్కుండా షెల్ ముక్క తగిలింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. తర్వాత ఆసుపత్రి నుంచి అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. మనవాడు ఎత్తలేదు.

ఆగస్టులో నెల రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. ఊరి మొదట్లో తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. పంద్రాగస్టుకి బడిలో మాట్లాడమన్నారు. మాట్లాడాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు. దిగి గోడ వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు. వారం తర్వాత పక్క చేలో వరికి మందు కొట్టడానికి డ్రోన్ తెచ్చారు. “ఆ ఝుమ్మనే చప్పుడు విన్నదొక్కటే గుర్తు. చూసుకునేసరికి బోదెలో బోర్లా పడి ఉన్నాను. నోటినిండా బురద. నాన్న గట్టు మీద నుంచుని చూస్తున్నాడు. ఏమీ అనలేదు. చెయ్యిచ్చి లేపి, పార తీసుకుని పోయాడు.”

రాత్రి నిద్ర రెండు మూడు గంటలు. అదీ రమ్ము పడితేనే. చేలల్లో పందుల్ని తోలడానికి టపాకాయలు పేలిస్తే తెల్లారేదాకా కూర్చునే ఉంటాడు. అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మేనత్త సంబంధం తెచ్చింది, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటోంది. ఇంక తొమ్మిది రోజుల్లో తిరిగి వెళ్లాలి. తన జబ్బు సంగతి పై అధికారులకు చెబితే నాలుగేళ్ల తర్వాత పర్మనెంట్ చేసే 25 శాతంలో తన పేరు ఉండదని భయం. చెప్పకుండా వెళ్లాలా, చెప్పి వెళ్లాలా, అసలు మానేసి నాన్నతో సేద్యం చేసుకోవాలా అని అడుగుతున్నాడు. ఐదో పేజీ అడుగున, అడక్కుండానే ఒక వాక్యం రాశాడు: “ఒక్కోసారి పడుకుని మళ్లీ లేవకపోతే బావుండు అనిపిస్తుంది.”

తమ్ముడూ,

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నువ్వు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు అడగని ఆ వాక్యం దగ్గరికి వస్తాను. లేవకపోతే బావుండు అనిపించడం వేరు, ఏదైనా చేసుకోవాలనిపించడం వేరు. మొదటిది నువ్వు రాశావు. రెండోది ఉందో లేదో రాయలేదు, అందుకే సూటిగా అడుగుతున్నాను: చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నదాకా ఆలోచన వెళ్లిందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లు భయపడతారు గానీ అలా జరగదు. అడిగితే గుండెబరువు కాస్త దిగుతుంది. జవాబు అవును అయితే ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే నాన్నను లేపు, రాత్రి రెండయినా సరే. 112కి గానీ, పెద్దాసుపత్రికి గానీ. కాదు అయితే 14416. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలి మానస్ అంటారు, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైన్యంలో ఉన్నవాళ్ల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో దీనికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు.

ఇంకొకటి కూడా చెయ్యి. సేద్యం ఇంట్లో పురుగుమందు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ గదికి తాళం వేయించి తాళంచెవి నాన్న దగ్గర ఉంచమను. నమ్మకం లేక చెప్పడం లేదు. ఇలాంటి తలపు ఒక కెరటంలా వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపట్లో చేతికందే దూరంలో ఏముందన్నదే ప్రాణం మీదికి తెస్తుంది. సెలవులో ఉన్నన్నాళ్లూ మందు కలిపే పని నీది కాదు, అంతే.

ఇక నాన్న. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడని రాశావు, సిగ్గుపడ్డాడని అర్థం చేసుకున్నావు. నాకు అలా కనిపించలేదు. కేక పెట్టలేదు, నలుగురినీ పిలవలేదు. చెయ్యిచ్చాడు. మా చిన్నాన్న 1971 యుద్ధం నుంచి వచ్చాక వాకిలికి వీపు పెట్టి ఏనాడూ కూర్చోలేదు. పెళ్లిపందిట్లో కూడా గోడ వెతుక్కునేవాడు. పిల్లలం ఆ నడకను అనుకరించి నవ్వేవాళ్లం. ఆయన పోయాక గానీ మాకెవరికీ అర్థం కాలేదు. మీ నాన్న నవ్వలేదు. మాట రాక పార పట్టుకున్నాడు. ఆ మాట నువ్వే మొదలుపెట్టాలి కాబోలు. “ఆ రోజు డ్రోన్‌కి ఎందుకలా చేశానో చెబుతాను నాన్నా” అంటే చాలు.

నీకున్నది పిరికితనం కాదు, గాలీ కాదు. షెల్ పడ్డ చోట బతకడానికి నీ ఒళ్లు ఒక పాఠం నేర్చుకుంది: చప్పుడు వినగానే నేల మీద పడు, తర్వాత ఆలోచించు. ఆ నాలుగు రాత్రులూ నీ ప్రాణం కాపాడిన పాఠమే అది. చిక్కేమిటంటే పోస్టు మారిందని ఒంటికి ఎవరూ చెప్పలేదు. మందు డ్రోన్‌కీ, బాంబు డ్రోన్‌కీ, పందుల టపాకాయకీ దానికి తేడా తెలియదు. ఈ లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ, అంటే పెద్ద ఆపద చూశాక మనసును పట్టుకునే జబ్బేమోనని డాక్టర్లు చూస్తారు. నీకు మూడు నెలలు దాటింది. అవునో కాదో తేల్చాల్సింది సైకియాట్రిస్టు, నేను కాదు. కానీ చూపించుకోవాల్సిన సంగతన్నది మాత్రం ఉత్తరం చదివిన ఎవరైనా చెబుతారు.

ఈ జబ్బుకు 1980 దాకా ఆ పేరు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు, కొందరిని డాక్టరు దగ్గరికి పంపారు. పారిపోయారనీ పిరికివాళ్లనీ తమ సైనికుల్నే తుపాకీ ముందు నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అలా కాల్చేసిన 306 మందికి బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ఇచ్చింది. తొంభై ఏళ్లు పట్టింది. అదే యుద్ధంలో మన దేశం నుంచి వెళ్లి గాయపడ్డవాళ్లను ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఒక రాజమహలులో పెట్టిన ఆసుపత్రిలో ఉంచారు. వాళ్లలో చాలామంది సేద్యగాళ్ల బిడ్డలే. ఇంటికి రాసే ఉత్తరాల్ని సెన్సారు చదివేవాడు. అందుకని కొందరు పంట మాటల్లో రాసేవాళ్లు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయి అని ఒక ఉత్తరంలో ఉంటుంది. నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్లవాళ్లు. తమ్ముళ్లను పంపొద్దని కబురన్నమాట. నువ్వూ మే నెల నుంచి అమ్మతో అలాంటి కోడ్‌లోనే మాట్లాడుతున్నావు. “బానే ఉన్నా, తిన్నా, పడుకుంటా.” ఇక్కడ సెన్సారువి కూడా నువ్వే.

వైద్యం ఉంది. జరిగినదాన్ని ఒక పద్ధతిలో, కొంచెం కొంచెంగా, భయం తగ్గేదాకా మాటల్లోకి తెచ్చే చికిత్సలున్నాయి. కళ్ల కదలికలతో చేసే ఈఎమ్‌డీఆర్ అనేదీ ఉంది. కొందరికి సెర్ట్రలీన్ లాంటి మాత్రలు ఇస్తారు, అవి పనిచేయడానికి వారాలు పడుతుంది. మొదటి నాలుగు రోజుల్లో ఏమీ తేడా కనపడలేదని మానేయకు. వారాల్లో, నెలల్లో లెక్క వేసుకునే పని ఇది. విత్తనం వేసినవాడికి ఎదురుచూడటం నేను నేర్పక్కర్లేదు. రమ్ము గురించి కోప్పడను. నిద్ర తెస్తుంది, నిజమే. కానీ తెల్లవారుజామున మత్తు దిగాక ఆ నిద్రను అదే చెడగొడుతుంది, కలల్ని ఇంకా చిక్కగా చేస్తుంది. రోజూ తాగుతున్నట్టయితే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చెప్పి తగ్గించు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. నీ ఉత్తరంలో రెండు పేజీలు దానికే పోయాయి, మిగతా అన్నీ దాని కింద నుంచి మొలిచినవే అనిపించింది. “వాడి కాలు నా బదులు పోయింది” అన్నావు. ఒక్కసారి లెక్క సరిచూద్దాం. జ్వరం నువ్వు తెచ్చుకోలేదు. పడుకోమన్నది అతను. షెల్ ఎక్కడ పడుతుందో మీ ఇద్దరిలో ఎవరికీ తెలియదు, పేల్చినవాడికి కూడా కచ్చితంగా తెలియదు. నువ్వు నిలబడి ఉంటే అక్కడే, అప్పుడే, అలాగే నిలబడేవాడివనీ తెలియదు. ఇదంతా నేను చెబితే తల ఊపుతావు, రాత్రికి మళ్లీ అదే మొదలవుతుంది. తెలుసు. తప్పు చేశానన్న ఆ భావం వాదిస్తే పోయేది కాదు. ఒక విషయం మాత్రం చూడు: తప్పు నాదే అనుకోవడంలో ఒక సుళువు ఉంది. నాదే అయితే కనీసం ఆ రాత్రి ఎవరో ఒకరి చేతిలో ఉన్నట్టు. ఎవరి చేతిలోనూ లేదని ఒప్పుకోవడం దానికంటే కష్టం. చికిత్సలో ఎక్కువ కాలం పట్టేది ఈ ముడి దగ్గరే. అతని ఫోన్ గురించి చివర్లో చెబుతాను.

తిరిగి వెళ్లడం, చెప్పడం, మానేయడం. వీటిని ఒక్క ముడి వేసుకుని కూర్చున్నావు. విడదీస్తే ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంది.

చెప్పకుండా వెళ్లడం తేలికగా కనిపించే దారి. కొందరు అలాగే నెట్టుకొస్తారు. కానీ నువ్వు వెళ్లేది ఆఫీసుకి కాదు. చేతిలో రైఫిల్ ఉంటుంది, పక్కన నలుగురు నిద్రపోతుంటారు, నీకు మూడు గంటల నిద్ర ఉండదు. బోదెలో పడ్డ రోజు నీ చేతిలో ఏమీ లేదు. దాని గురించి ఆలోచించు. ఇంకో నష్టం డబ్బుది, దీన్ని ఎవరూ చెప్పరు. అగ్నివీర్ నిబంధనల్లో అంగవైకల్యం సర్వీసు వల్లే వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో మెడికల్ బోర్డు తేలిస్తే 50, 75, 100 శాతం స్లాబుల్లో 15, 25, 44 లక్షల పరిహారం ఉంది. నీది అంతదాకా పోతుందని కాదు, పోకూడదనే కోరుకుంటున్నాను. కానీ ఇవాళ కాగితం మీద ఎక్కని జబ్బు రెండేళ్ల తర్వాత ముదిరితే, అది ఆ మే నెలలో మొదలైందని ఎలా రుజువు చేస్తావు?

చెప్పి వెళ్లడంలో నువ్వు భయపడేది ఉత్త భయం కాదు. సైన్యంలో డాక్టరుకు చెప్పింది పూర్తిగా డాక్టరు దగ్గరే ఉండదు. షేప్ అని అయిదు అక్షరాల మెడికల్ గ్రేడింగు ఉంటుంది, నీకు తెలుసు, అందులో ఎస్ అంటే మనసు. అది ఒకటి (పూర్తి ఆరోగ్యం) నుంచి కిందికి దిగితే సాధారణంగా ఆయుధం లేని పని ఇస్తారు, కొన్ని నెలలు చూసి మళ్లీ పరీక్షిస్తారు. తగ్గితే పైకి వెళ్తుంది. పర్మనెంట్‌కి తీసుకునేటప్పుడు ఆరోగ్యం లెక్కలోకి వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. కానీ లెక్క ఇటునుంచి కూడా వెయ్యి. నాలుగేళ్లు నిండాక ఉంచుకునేది గరిష్ఠంగా 25 శాతం. అంటే జబ్బేమీ లేనివాళ్లలోనూ నలుగురిలో ముగ్గురు ఇంటికే. నీ నాలుగేళ్లు నిండేది 2027 జనవరికి. ఇప్పుడు వైద్యం మొదలుపెడితే ఆ పరీక్ష నాటికి తేరుకోవడానికి ఏడాదికి పైగా ఉంది. దాచి, సరిగ్గా ఆ ముందు నెలల్లో కుప్పకూలితే అదీ ఉండదు.

మానేయడం గురించి. సెలవు అయిపోయినా వెళ్లకుండా ఉండిపోవడం మాత్రం దారి కాదు, దయచేసి అటు చూడకు. ఆర్మీ చట్టం 39వ సెక్షన్ కింద సరైన కారణం లేకుండా సెలవు మీరి ఉండటం నేరం, మూడేళ్ల దాకా జైలు. ముప్పై రోజులు దాటితే విచారణ పెట్టి నీ పేరు రికార్డుకెక్కిస్తారు. చెప్పి మానేద్దామంటే, అగ్నివీర్‌కి గడువు కంటే ముందు సొంత కోరిక మీద విడుదల మామూలుగా లేదు. చాలా ప్రత్యేకమైన సందర్భాల్లో పై అధికారి ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నా సేవానిధిలో (నీ జీతంలో కొంతా, ప్రభుత్వ వాటా కలిపి దాచే నిధి) నీ జీతం నుంచి కోసినదీ దాని వడ్డీ మాత్రమే వస్తాయి, ప్రభుత్వ వాటా రాదు. నువ్వు చేరిన నాటి నుంచి ఈ ఆగస్టు దాకా కోసింది లెక్కేస్తే మూడు లక్షల 14 వేలు అవుతుంది, వడ్డీ కాక. నాలుగేళ్లూ ఉంటే చేతికి వచ్చేది సుమారు 11 లక్షల 71 వేలు. డబ్బు కోసం ప్రాణం పెట్టమనడం లేదు. బోరు అప్పు తీర్చడానికి వెళ్లినవాడివి కాబట్టి లెక్క తెలిసి నిర్ణయించుకోవాలి.

నాలుగో దారి ఒకటుంది, నువ్వు రాయలేదు. సెలవులో జబ్బు పడ్డ జవాను దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రికి వెళ్లొచ్చు. మనకు సికింద్రాబాద్‌లో ఉంది, విశాఖలో నేవీ వాళ్ల కల్యాణి ఉంది. గుర్తింపు కార్డు, సెలవు కాగితం పట్టుకుని సెలవు ఉండగానే వెళ్లు. అడ్మిట్ చేస్తే యూనిట్‌కి సమాచారం వెళ్తుంది, నువ్వు సెలవు మీరినట్టు కాదు. అంత దూరం పోలేకపోతే ముందు జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టును చూసి, కాగితం తీసుకుని, యూనిట్‌కి ఫోన్ చేసి చెప్పు. మొదటి వాక్యం కష్టం. “సర్, మే నుంచి నాకు నిద్ర పట్టడం లేదు” అని మొదలుపెట్టు. భయమనో, పిచ్చనో పేరు పెట్టాల్సిన పని లేదు. నిద్ర అనేది ఏ సుబేదారుకైనా అర్థమవుతుంది.

నన్నడిగితే, ఉద్యోగం గురించిన పెద్ద నిర్ణయం ఈ తొమ్మిది రోజుల్లో తీసుకోకు. మూడు గంటల నిద్రతో తీసుకున్న ఏ నిర్ణయాన్నీ నేను నమ్మను, నాదైనా. ముందు నిద్ర, వైద్యం. తర్వాత అదే ప్రశ్న వేసుకుంటే జవాబు వేరేగా ఉండొచ్చు, ఇదే ఉండొచ్చు కూడా.

చేలోకి వచ్చేస్తే అంతా నయమవుతుందని ఒక ఆశ నీ అక్షరాల్లో కనిపిస్తోంది. దాన్ని పూర్తిగా కొట్టెయ్యను. పొద్దున్నే లేవడం, ఒళ్లు అలిసేలా పని చేయడం, కళ్లముందు ఒకటి ఎదగడం, ఇవన్నీ మందులాంటివే. కానీ ఆ డ్రోన్ వచ్చింది చేలోకే. టపాకాయ పేలేదీ చేలోనే. రేపు మానేసి వచ్చినా అవి ఉంటాయి, కౌలు ఉంటుంది, వాన ఎగ్గొట్టే ఏడాదీ ఉంటుంది. వైద్యం లేకుండా వస్తే నువ్వు ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకి మారినట్టే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ చిన్న పని ఒకటి చెయ్యి. డ్రోన్ నడిపే కుర్రాడి నంబరు తీసుకుని, మీ వైపు ఎగరేసే ముందు ఒక ఫోన్ కొట్టమను. ముందే తెలిస్తే సగం బిగువు తగ్గుతుంది. ఎప్పుడో ఒకరోజు, డాక్టరు సరేనన్నాక, అది నేల మీద ఉండగా దగ్గరికి వెళ్లి ట్యాంకులో మందు పోయడం చూడొచ్చు. తొందరేం లేదు, పంతానికి అసలే వద్దు.

అమ్మ తాయెత్తు ఉండనీ. దానివల్ల చెడేమీ లేదు, ఆమెకు చేతనైంది ఆమె చేసింది. తాయెత్తుతో పాటు మాత్ర కూడా వేసుకుంటానని చెప్పు. పెళ్లి మాత్రం ఆపు. మేనత్త మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ పిల్ల ఎవరో గానీ ఆమె చికిత్స కాదు. ఏడాది ఆగమని అడుగు. ఆగనంటే కనీసం ఆమెకు విషయం చెప్పకుండా తాంబూలాలు పుచ్చుకోకండి. అర్ధరాత్రి పక్కన మనిషి అరుస్తూ లేస్తే ఎందుకో తెలియని భార్య ఏమనుకుంటుంది? ఇక ఫ్లెక్సీ అంటావా, గాలికి చిరిగేదాకా ఉంటుంది. నువ్వు దానిలా నిలబడాల్సిన అవసరం లేదు.

చివరిగా ఆ ఫోన్. రెండుసార్లు చేశాడు. తిట్టడానికని నువ్వనుకుంటున్నావు. తిట్టడానికైనా కావచ్చు, నాకు తెలియదు. కాలు పోయి ఆసుపత్రి మంచం మీద ఉన్న కుర్రాడు, ఆ రాత్రి ఎలా ఉండిందో తెలిసిన అతికొద్దిమందిలో ఒకడికి ఫోన్ చేశాడు. తీయలేదు. అతని వైపు నుంచి చూస్తే అది ఎలా కనిపిస్తుందో ఎప్పుడైనా అనుకున్నావా? ఇవాళే చెయ్యమనను. డాక్టరుతో ఒకటి రెండుసార్లు మాట్లాడాక చేసినా సరే, ముందు “త్వరలో చేస్తాను” అని ఒక మెసేజ్ పెట్టినా సరే. క్షమించమని మొదలుపెట్టకు, అది అతని మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది. ఏం మాట్లాడాలో తోచకపోతే వాళ్ల వైపు వానలు ఎలా పడ్డాయని అడుగు.